రోమన్ చక్రవర్తి ఒథో పెద్ద కంచు నాణెం ఎందుకు దొరకదు? రోమన్ నాణేలు సేకరించిన యూరప్ పెద్దమనుషుల గురించి

ప్రశ్న: కృష్ణాతీరం

సభ్యులందరికీ నమస్కారం. యూరప్ చిత్రకళ చరిత్ర చదువుతున్న నాకు ఒక చిత్తరువు విషయంలో సందేహం కలిగింది. హాన్స్ మెమ్లింగ్ 1470ల తొలి సంవత్సరాల్లో వేసిన ఆ చిత్తరువు ఇప్పుడు ఆంట్వెర్ప్ మ్యూజియంలో ఉన్నది. నల్లటి టోపీ, నల్లటి దుస్తులు వేసుకున్న ఒక మనిషి పెద్ద కంచు నాణేన్ని మనకు కనబడేటట్టు వేళ్ళతో పట్టుకొని ఉంటాడు. దాని మీద నీరో తల, చుట్టూ అతని బిరుదుల అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ కాలపు మనుషులు ప్రార్థన పుస్తకమో, పువ్వో చేత పట్టుకొని చిత్తరువు వేయించుకున్నారంటే అర్థం చేసుకోవచ్చు గాని, పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి నాణేన్ని, అందులోనూ నీరోవంటి అపకీర్తి మూటగట్టుకున్నవాడి నాణేన్ని ఎంచుకోవడం నాకు వింతగా తోచింది.

ఆ తరువాత చూస్తే ఇది ఒక్క మనిషి సరదా కాదని తెలిసింది. పదిహేనో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం చివరి వరకు ఇటలీ, ఫ్రాన్సు, నెదర్లాండ్స్, జర్మనీ, ఇంగ్లండు దేశాల్లో పోపులు, బిషప్పులు, వైద్యులు, న్యాయవాదులు, జమీందారులు, రాజులు రోమన్ నాణేలను పోటీపడి కూడబెట్టారు. విగ్రహాలు, శాసనాలు, పాత్రలు ఉండగా నాణేల మీదనే వీరికి ఇంత మోజు ఎందుకు కలిగింది? వీటిని వారు ఒకనాటి చెల్లుబాటు డబ్బుగానే చూశారా, లేక మరేదైనా అనుకున్నారా? ఇంత గిరాకీ ఉన్నచోట దొంగ సరుకు రాకుండా ఉండదు కదా, దానిని ఎలా కనిపెట్టేవారు? మన దేశంలో కూడా, ముఖ్యంగా ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో రోమన్ నాణేలు విరివిగా దొరికాయి గనుక, ఈ సేకర్తల కథకు మన నేలతో నిజమైన సంబంధం ఏదైనా ఉంటే అది కూడా చెప్పగలరు.

జవాబు: పాతపుస్తకాలు

కృష్ణాతీరం గారూ, విగ్రహాన్ని వదిలి నాణేన్ని ఎందుకు పట్టుకున్నారన్న ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పవచ్చు. పాలరాతి తల నేలలోంచి బయటికి వచ్చేసరికి ముక్కు విరిగి, పీఠం పోయి, పేరు లేకుండా ఉంటుంది. అది ఎవరి తలో చెప్పగల ఆధారం దానిలో ఉండదు. నాణెం తన పేరు తానే చెబుతుంది. బొమ్మ వైపు చక్రవర్తి ముఖం, దాని చుట్టూ అతని పేరు, రోములో కాన్సల్ అనే పెద్ద పదవి ఎన్నోసారి పొందాడో, ట్రిబ్యూన్ అనే పదవి అధికారం ఎన్నో ఏట నడుస్తున్నదో పొడి అక్షరాల్లో చెక్కి ఉంటుంది. ఆ అధికారాన్ని ఏటేటా కొత్తగా లెక్కించేవారు గనుక, అంకె అరిగిపోకపోతే ఆ నాణెం ఏ ఏడాదిలో కొట్టినదో కూడా దాదాపుగా తేలుతుంది. పేరు లేని పాలరాతి తలలకు పేర్లు పెట్టవలసి వచ్చినప్పుడు ఆనాటి పండితులు నాణేన్నే పక్కన పెట్టుకొని ముక్కు, గడ్డం, జుట్టు పోల్చి చూసేవారు.

ఈ వ్యాపకంలో మొదట చెప్పవలసిన పేరు ఇటలీ కవి పెట్రార్క్. రోము నగరంలో ద్రాక్షతోటలు తవ్వే కూలీలు తమకు దొరికిన నాణేలను, చెక్కిన రత్నాలను తన దగ్గరికి తెచ్చి, కొనుక్కోమనో, వాటి మీద ఉన్న ముఖం ఎవరిదో చెప్పమనో అడిగేవారని ఆయన తన ఉత్తరాల్లో రాసుకున్నాడు. 1354లో, చక్రవర్తిగా పట్టాభిషేకం కోసం రోముకు వెళ్తున్న నాల్గవ చార్లెస్‌ను మాంటువాలో కలిసినప్పుడు, ఆగస్టస్ తదితరుల ముఖాలున్న బంగారు, వెండి నాణేలను ఆయన కానుకగా ఇచ్చాడు. నీవు ఎవరి పీఠం ఎక్కబోతున్నావో చూసుకొని, వారిలాగా నడుచుకొమ్మని ఆ కానుకతో పాటు హితవు కూడా పలికాడు. ఆ తరువాత పోపు రెండవ పాల్ అయిన పియెత్రో బార్బో తన సొత్తుకు 1457లో జాబితా రాయించినప్పుడు, అందులో రోమన్ నాణేలకు పెద్ద చోటే దక్కింది.

నీరోను ఎందుకు పట్టుకున్నాడన్న మీ సందేహం న్యాయమైనది. నీరో పాలన ఎలాంటిదైనా, అతని కాలపు పెద్ద కంచు నాణేల చెక్కడపు పని రోమన్ టంకశాలలు చేసిన మేలైన పనుల్లో ఒకటి. ఆ నాణేల్లో రోము నగరపు ఓస్టియా రేవును చూపించేది ఒకటి ఉన్నది. రూపాయి బిళ్ళకంటె పెద్దదైన ఆ బొరుసు మీద, పైన నిలువెత్తు విగ్రహంతో ఉన్న దీపస్తంభం, ఒక పక్క వంపు తిరిగిన కట్ట, మరో పక్క వరుస గోదాములు, నడుమ తెరచాపలెత్తినవి, తెడ్లు వేస్తున్నవి అయిన ఓడలు, అడుగున చుక్కాని పట్టుకొని పక్కకు ఒరిగి పడుకున్న దేవతామూర్తి ఉంటాయి. ఓడల సంఖ్య అచ్చుకూ అచ్చుకూ మారుతుంది గనుక, ఒకే రకం నాణేలు రెండు దొరికినప్పుడు వాటిని లెక్కపెట్టుకోవడం సేకర్తకు ఒక వేడుక. ఇటువంటి పనితనాన్ని చూపించడానికి నీరో నాణేన్ని పట్టుకొని కూర్చోవడంలో వింత లేదని నా ఉద్దేశం. ఆ మనిషి నీరో గుణగణాలను పొగడటం లేదు, తన కంటిని తాను పొగుడుకుంటున్నాడు.

ఇవి డబ్బా, కాదా అన్న మీ రెండో ప్రశ్న మీద 1550లలో వెనిస్ నగరంలో పెద్ద వాదమే జరిగింది. రాగి రేకుల చిత్రకారుడైన ఎనియా వికో 1555లో తన గ్రంథాన్ని ఫ్లోరెన్సు ప్రభువు కోజిమో ద మెదీచికి అంకితమిస్తూ, ఈ పెద్ద కంచు బిళ్ళలు రోములో చేతులు మారిన డబ్బేనని వాదించాడు. నాలుగేళ్ళకు, 1559లో, వెనిస్ కులీనుడు సెబాస్టియానో ఎరిత్సో దానిని ఒప్పుకోలేదు. ఇంత అందంగా చెక్కిన వస్తువును కూరగాయలు కొనడానికి వాడి ఉండరనీ, ఇవి చక్రవర్తుల కీర్తిని నిలబెట్టడానికి వేయించిన స్మారక బిళ్ళలనీ ఆయన పక్షం. చరిత్ర వికో పక్షాన తేలింది. కాని ఎరిత్సో తప్పు ఎందుకు పుట్టిందో చూస్తే ఆ సేకర్తల మనసు తెలుస్తుంది. తాము గాజు కింద దాచుకొని చూసుకునే వస్తువు ఒకనాడు చేపలమ్మే మనిషి చేతి చెమటతో అరిగినదంటే వారికి నచ్చలేదు.

అరిగిన నాణేన్ని తూచిన పండితుడు కూడా లేకపోలేదు. ఫ్రాన్సులో గీయోమ్ బ్యుదే 1515 ప్రాంతంలో వెలువరించిన పెద్ద గ్రంథంలో, రోమన్ల డబ్బును, కొలతలను తన కాలపు పారిస్ లెక్కల్లోకి మార్చడానికి పాత నాణేలను త్రాసులో వేసి తూచాడు. లాటిన్ రచయితలు రాసిన మొత్తాలు ఎంత పెద్దవో, ఎంత చిన్నవో నాణెం బరువు తెలియకుండా అర్థం కావు. ఈ వర్గం వారిని నేను ఎక్కువగా గౌరవిస్తాను, ఎందుకంటే మిగిలినవారు ముఖాన్ని చూసి ఆగిపోయినచోట వీరు నాణేన్ని తిప్పి, అంచు తడిమి, బరువు చూశారు.

ముఖాల మోజు ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి ఒక పుస్తకం చాలు. ఫ్రాన్సులోని లియోన్‌లో గీయోమ్ రుయ్యే అనే ప్రచురణకర్త 1553లో ప్రసిద్ధుల ముఖాలను గుండ్రటి బిళ్ళల రూపంలో అచ్చువేస్తూ ఆదాము, అవ్వలతో మొదలుపెట్టాడు. ఆదాము నాణెం ఏ టంకశాలలో కొట్టారో రుయ్యే మాత్రమే చెప్పాలి! అదే దశకంలో, 1557లో, హ్యూబర్ట్ గోల్ట్జియస్ చక్రవర్తుల బొమ్మల పుస్తకం ఆంట్వెర్ప్‌లో వేసినప్పుడు, నమ్మదగిన నాణెం దొరకని వారి పేరు దగ్గర గుండ్రటి చట్రాన్ని ఖాళీగా వదిలేశాడు. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తరం ఎటు పోతున్నదో, ఎటు పోకూడదని కొందరు అనుకున్నారో తెలిసిపోతుంది.

జవాబు: టంకశాలవీధి

పాతపుస్తకాలు గారు గోల్ట్జియస్‌ను మెచ్చుకున్న తీరు కొంత సవరించవలసి ఉన్నది. ఆయన తరువాత 1558 నుంచి 1560 వరకు నెదర్లాండ్స్, జర్మనీ, ఇటలీ, ఫ్రాన్సు తిరిగి, దాదాపు వెయ్యి మంది సేకర్తల పేర్లతో జాబితా ప్రకటించిన మాట నిజమే. నాణేల పెట్టెలు ఎంతమంది ఇళ్ళలో ఉండేవో చెప్పడానికి ఆ జాబితా ఒక గొప్ప ఆధారం. కాని ఆయన తరువాతి సంపుటాల్లో అచ్చయిన నాణేల్లో చాలావాటికి అసలు కనబడదు, కొన్నిటి మీది అక్షరాలను ఆయన ఊహించి పూరించాడు. 1792 నుంచి 1798 వరకు వియన్నాలో ఎనిమిది సంపుటాలుగా నాణెశాస్త్రాన్ని క్రమబద్ధం చేసిన యోసెఫ్ ఎకెల్ గోల్ట్జియస్ సాక్ష్యాన్ని గట్టిగా పక్కన పెట్టాడు. ఖాళీ చట్రం వదిలినవాడే చివరికి ఖాళీలు పూరించే పనిలో పడ్డాడు.

నకిలీల గురించి అడిగారు గనుక, దాని మూలం ఎక్కడున్నదో ముందు చెప్పాలి. డబ్బాశ ఒక కారణమే గాని, అసలు కారణం వరుస పూర్తి చేయాలన్న తపన. ఆనాటి పెద్దమనిషి నాణేలను లోహాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి వేరు చేసేవాడు: బంగారం, వెండి, పెద్ద కంచు, నడి కంచు, చిన్న కంచు. పెద్ద కంచు వరుస అన్నిటికంటె గౌరవమైనది, ఎందుకంటే దాని మీద ముఖం పెద్దది, బొరుసు మీద కథ చెప్పడానికి చోటున్నది. రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాసిన పన్నెండుగురు సీజర్ల చరిత్ర అందరూ చదివిన పుస్తకమే గనుక, జూలియస్ సీజర్ నుంచి డొమిషియన్ వరకు పన్నెండు ముఖాలనూ పెద్ద కంచులో ఒక సొరుగులో వరుసగా పెట్టుకోవాలని ప్రతివాడికీ కోరిక.

ఆ వరుస ఒథో దగ్గర తెగిపోతుంది. ఒథో క్రీస్తుశకం 69లో జనవరి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ వరకు, అంటే మూడు నెలలు మాత్రమే ఏలాడు. అతని పేరిట రోములో బంగారు, వెండి నాణేలు కొట్టారు. సిరియాలోని అంతియోక్‌లోనూ, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలోనూ అతని ముఖంతో ప్రాంతీయ నాణేలు వచ్చాయి. రోము టంకశాల మాత్రం అతని పేరిట పెద్ద కంచు కొట్టలేదు. అందువల్ల ఎంత డబ్బున్న సేకర్తకైనా ఆ సొరుగులో ఎనిమిదో గుంట ఖాళీగానే ఉండాలి. ఉండనిచ్చారా? లేదు. ఇటలీలోని పాడువాలో జొవాన్నీ ద కవీనో అనే అచ్చు చెక్కే నిపుణుడు (1500–1570) పండితుడైన అలెస్సాండ్రో బస్సియానో సలహాతో, రోమన్ పెద్ద కంచు నాణేలను పోలిన బిళ్ళలకు కొత్తగా ఉక్కు అచ్చులు చెక్కి కొట్టాడు. వాటిలో ఒథో పెద్ద కంచు కూడా ఉన్నది. చరిత్రలో లేని నాణేన్ని అసలు నాణేలకంటె నాజూకుగా తయారుచేశాడు. వాటికి పాడువా పేరే స్థిరపడింది. ఆ అచ్చుల్లో చాలావరకు ఇప్పుడు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి.

కవీనో దొంగా, కళాకారుడా అన్నది ఇప్పటికీ తెగని వాదం. అసలు దొరకనివారికి పోలికగా ఉంచుకొమ్మని అమ్మి ఉండవచ్చు. వికో తన గ్రంథంలో మోసాల గురించి చెప్పినచోట కవీనోను, బెన్వెనుతో చెల్లినీని, ఇంకా కొందరిని పాతవాటిని చక్కగా అనుకరించిన నిపుణులుగా పేర్కొంటాడు. ఆ మాటల్లో నింద కంటె మెప్పే ఎక్కువ. అయితే మొదట కొన్నవాడికి నిజం తెలిసినా, రెండో చేతికి, మూడో చేతికి మారేసరికి ఆ నిజం జారిపోతుంది.

కనిపెట్టే పద్ధతులను నాకు తెలిసినంతలో చెబుతాను. పాడువా బిళ్ళలు సాధారణంగా పలచగా, మరీ గుండ్రంగా ఉంటాయి. అసలు రోమన్ నాణెం అంచు సుత్తి దెబ్బకు పగిలి, ఒక పక్క మందంగా, మరో పక్క సన్నగా, కొంచెం చచ్చు ఆకారంలో ఉంటుంది. ఎర్రగా కాల్చిన బిళ్ళను అచ్చు మీద పెట్టి పైనుంచి కొట్టినప్పుడు అలా కావడం సహజం. అక్షరాలను చూస్తే, కవీనో అక్షరాలు పుస్తకం అచ్చుల్లాగా నిటారుగా, సమంగా నిలబడతాయి. పాత టంకశాలలో పని తొందరలో జరిగేది గనుక అసలు అక్షరాలకు ఆ పొందిక ఉండదు.

పోత పోసినవాటి సంగతి వేరు. అసలు నాణేన్ని మట్టిలో నొక్కి, ఆ గుంటలో లోహం పోసి తీస్తే, పైపొర మీద సూది మొనంత గాలి గుంటలు పడతాయి, అక్షరాల అంచులు సబ్బులాగా మెత్తబడతాయి, చుట్టూ అతుకు గీత మిగులుతుంది. ఆ గీతను ఆకురాయితో రాచి తీసేస్తారు గనుక, అంచు మీద సన్నటి రాపిడి గీతలు కనిపిస్తే అనుమానించాలి. ఇంకా నేర్పరులు సామాన్యమైన అసలు నాణేన్నే తీసుకొని, ఉలితో ముఖం సవరించి, ఒకటి రెండు అక్షరాలు మార్చి, అరుదైన చక్రవర్తిగా చేసేవారు. రెండు నాణేలను సగానికి కోసి, ఒకదాని బొమ్మకు ఇంకొకదాని బొరుసు అతికించేవారు; దీనిని పట్టుకోవాలంటే అంచును భూతద్దం కింద నిదానంగా తిప్పుతూ అతుకు వెతకవలసిందే. చిలుమును కూడా నమ్మరాదు. వందల ఏళ్ళు మట్టిలో ఉన్న కంచు మీద పేరుకునే చిలుము లోహంలోకి దిగి గాజులా గట్టిగా ఉంటుంది. పూసిన రంగు గోటితోనో, సూది మొనతోనో గీరితే రాలిపోతుంది.

వ్యాఖ్య: కృష్ణాతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్యుటోనియస్ ఒథో బట్టతలను కప్పే విగ్గు పెట్టుకొనేవాడని రాశాడని విన్నాను; నాణేల మీద అది కనిపిస్తుందా? ఇంకొక మాట. వీరందరిలో నిజంగా చరిత్ర నేర్చుకున్నవారు ఎంతమంది, పదిమందికి చూపించి గొప్ప చెప్పుకోవడానికి కొన్నవారు ఎంతమంది?

జవాబు: దక్కనువాసి

విగ్గు కనిపిస్తుంది. ఒథో వెండి నాణేల మీద జుట్టు నుదుటి దగ్గర వరుస వరుసలుగా, తలకు తొడిగినట్టు ఉంటుంది, మిగతా చక్రవర్తుల జుట్టుకు అది పోలదు. తామే పెద్ద పెద్ద విగ్గులు పెట్టుకొని తిరిగిన పదిహేడో శతాబ్దపు కులీనులు ఆ జుట్టును చూసి ఏమనుకున్నారో గాని, ఆ నాణేన్ని మాత్రం ఎంతో ఇష్టపడ్డారు.

మీ రెండో ప్రశ్న విషయంలో, పై ఇద్దరి కంటె నాకు కాస్త అనుమానం ఎక్కువ. పెట్రార్క్, బ్యుదే, ఎకెల్ వంటివారిని వరుసగా చెబితే ఈ సేకరణ అంతా పాండిత్యంగానే కనిపిస్తుంది. కాని సొరుగుల పెట్టె స్వయంగా ఒక హోదా. ఆ పెట్టెను ఒక్కసారి ఊహించుకోండి: అక్రోటు చెక్కతోనో, మహాగని చెక్కతోనో చేయించిన అలమారాలో వేలెడు మందం సొరుగులు పదుల కొద్దీ ఉంటాయి, ప్రతి సొరుగులో గుండ్రటి గుంటలు తొలిచి ఉంటాయి, గుంట అడుగున ఉన్నిగుడ్డ ముక్క, దాని మీద నాణెం. అతిథి వచ్చినప్పుడు తాళం తీసి, సొరుగు లాగి, నాణేన్ని అంచులతో పట్టుకొని వెలుతురుకు తిప్పి చూపించాలి. ఇటలీ యాత్ర చేసి వచ్చిన ఇంగ్లీషు యువకుడికి ఇది చదువుకున్న మనిషినని చెప్పకుండా చెప్పే మార్గం. అటువంటివారిని కవి అలెగ్జాండర్ పోప్ ఎగతాళి చేస్తూ, ఒకడు నీలి చిలుమును, ఇంకొకడు ఆకుపచ్చ చిలుమును ఆరాధిస్తాడనీ, ఒకడు పెసెన్నియస్ నాణెం కోసం పన్నాగాలు పన్నుతాడనీ రాశాడు. పెసెన్నియస్ నైజర్ 193లో తూర్పు ప్రాంతాల్లో చక్రవర్తిగా ప్రకటించుకొని మరుసటి ఏడాదే ఓడి చనిపోయినవాడు. అతని నాణేలు అరుదు గనుక వాటి మీద అంత మోజు.

పోప్ ఆ పద్యం రాసింది జోసెఫ్ అడిసన్ నాణేల సంవాదాల సందర్భంగా. అడిసన్ 1699 నుంచి 1703 వరకు యూరప్ తిరిగినప్పటి అనుభవంతో రాసిన ఆ సంవాదాలు ఆయన చనిపోయిన తరువాత 1721లో వెలువడ్డాయి. థేమ్స్ ఒడ్డు పల్లెలో ముగ్గురు మిత్రులు కూర్చొని, నాణేల సేకరణ దండగమారి వ్యవహారమా కాదా అని వాదించుకుంటారు. నాణేల వెనక ఉన్న స్త్రీమూర్తులు, అంటే శాంతి, సమృద్ధి, విశ్వాసం వంటి గుణాలకు ఇచ్చిన రూపాలు, ఏమిటో లాటిన్ కవుల పాదాలతో విప్పి చెప్పడం ఆయన పద్ధతి. ఇది చరిత్రకారుడి పని అనలేము గాని, పోజు కొట్టడం కూడా కాదు. ఇటువంటి మధ్యరకం పాఠకులే ఆ కాలంలో ఎక్కువని నా అంచనా.

పాండిత్యం, పిచ్చి రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చుననడానికి ఝాన్ ఫోయ్-వయ్యాన్ కథ సరిపోతుంది. బోవే పట్టణానికి చెందిన ఈ వైద్యుడు పద్నాలుగో లూయీ ప్రభుత్వం తరఫున నాణేల కోసం దేశాలు తిరిగాడు. 1674లో సముద్రం మీద అల్జీర్స్ దొంగలు పట్టుకొని కొన్ని నెలలు బంధించారు. విడిచిపెట్టినప్పుడు కొన్ని బంగారు నాణేలు తిరిగి దక్కాయి. ఇంటికి వస్తూ ఉండగా మళ్ళీ దొంగల ఓడ కనిపించేసరికి, ఆ నాణేలు మరొకసారి పోకుండా వాటిని మింగేశాడట, ఇరవై దాకా! ఒడ్డు చేరాక సంప్రదించిన వైద్యుల్లో ఒకరు విరేచనానికి, ఒకరు వాంతికి మందు చెప్పారనీ, లియోన్‌లో ఒక సేకర్త ఇంకా బయటికి రాని ఒథో నాణేనికి ముందే బేరం కుదుర్చుకున్నాడనీ చెప్పుకుంటారు. టంకశాలవీధి గారు చెప్పిన ఒథో ఇక్కడ కూడా ఉన్నాడన్నమాట, కాకపోతే ఇది బంగారపు ఒథో. ఇంతటి సాహసి పుస్తకాలు తరువాతి తరాలకు ఏ నాణెం అరుదో, ఏది సామాన్యమో చెప్పే నిత్యపు ఆధారమయ్యాయి.

పెద్దమనుషులే అన్నారు గాని, స్త్రీలను మరచిపోరాదు. 1654లో సింహాసనం వదిలి రోముకు చేరిన స్వీడన్ రాణి క్రిస్టినా నాణేల సంపద ప్రసిద్ధమైనది. పద్నాలుగో లూయీ తమ్ముడి భార్య, ఓర్లియన్స్ ప్రభ్వి ఎలిజబెత్ షార్లట్ వందల కొద్దీ బంగారు రోమన్ నాణేలను కూడబెట్టి, ఆ సంగతి తన ఉత్తరాల్లో సంతోషంగా రాసుకున్నది.

ఇంగ్లండులో ఈ సేకరణ స్థానిక చరిత్రకు కూడా ఉపయోగపడింది. విలియం కామ్డెన్ బ్రిటన్ వర్ణనలో, 1600 ముద్రణ నుంచి, ఆ దేశంలో దొరికిన నాణేల బొమ్మలు అచ్చయ్యాయి. పొలంలో రోమన్ నాణేలు తేలిన చోట రోమన్ ఊరు ఉండి ఉంటుందన్న తర్కం ఆయనది. సర్ హాన్స్ స్లోన్ అనే వైద్యుడి దగ్గర పోగైన దాదాపు 32,000 నాణేలు, పతకాలు ఆయన మిగతా సంపదతో కలిసి 1753లో బ్రిటిష్ మ్యూజియం పుట్టుకకు పునాదిలో చేరాయి. ఒక పెద్దమనిషి ఇంటి సొరుగు ప్రజల సొత్తు కావడం అక్కడ జరిగింది.

జవాబు: సింహపురి

మన నేలతో సంబంధం ఉన్నది, అదీ సరిగ్గా ఈ పెద్దమనుషుల కాలంలోనే. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతూ ఉండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండలో రోమన్ బంగారు నాణేలు ఉన్నాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా భాగం కరిగిపోయింది. నవాబు అమీరుల్ ఉమరా ముప్ఫైకి పైగా నాణేలను తిరిగి రాబట్టాడు. ఆ సంగతి 1787 నాటి ఒక ఉత్తరంలో రాసినవాడు అంతకు ముందు మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్. ఆ ఉత్తరం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పరిశోధనల రెండవ సంపుటిలో 1790లో అచ్చయింది.

ఆ ఉత్తరం చదివితే ఐరోపా సేకర్త కన్ను ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. నవాబు ఆయనకు మొత్తంలో రెండు ఏరుకొమ్మని అవకాశమిస్తే, ఆయన చక్రవర్తి హేడ్రియన్ నాణెం ఒకటి, చక్రవర్తిని ఫాస్టీనాది ఒకటి ఎంచుకున్నాడు. కొన్ని ట్రాజన్ నాణేలు కూడా మంచి స్థితిలో ఉన్నాయనీ, చాలావరకు నిన్న టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయనీ రాశాడు. కొన్నిటికి మాత్రం రంధ్రాలు వేసి ఉన్నాయనీ, అవి మెడలోనో, దండకో ఆభరణంగా వేసుకున్నవై ఉంటాయనీ ఊహించాడు. కాసుల పేరు తెలిసిన తెలుగువారికి ఆ ఊహను వివరించనక్కర లేదు. ఆయన చూపు ఎవరి ముఖం, ఎంత తాజాగా ఉన్నది అన్నదాని మీద ఉన్నది. ఆ గుడి ఏ కాలానిది, కుండలో మొత్తం ఎన్ని నాణేలు ఉండేవి, వాటితో పాటు ఇంకేమి దొరికింది అన్న ప్రశ్నలకు ఉత్తరంలో జవాబులు లేవు. పురావస్తు శాస్త్రం ఇంకా పుట్టని రోజుల్లో డేవిడ్‌సన్ ఒక్కడినే తప్పు పట్టలేము, లండనులోనూ, పారిస్‌లోనూ అదే రివాజు.

ఇంకొక సంగతి కూడా చేరుస్తాను. తెలంగాణలోని కొండాపూర్ తవ్వకాల్లో టైబీరియస్ నాణేన్ని చూసి మట్టితో చేసిన బిళ్ళలు దొరికాయి. వాటికి వేలాడదీసుకోవడానికి రంధ్రమో, కొక్కెమో ఉంటుంది. కొన్నిటి మీద బంగారు పూత ఉండేది. అంటే కవీనో కంటె పదిహేను వందల ఏళ్ళ ముందు శాతవాహనుల కాలపు కుమ్మరి కూడా రోమన్ చక్రవర్తి ముఖాన్ని అచ్చు తీశాడు.

జవాబు: టంకశాలవీధి

సింహపురి గారూ, కొండాపూర్ బిళ్ళల ప్రస్తావన బాగున్నది. అయితే వాటిని నకిలీ నాణేలు అనడం కుదరదని చదువరులు గమనించాలి. మట్టి బిళ్ళను బంగారు నాణెంగా చెలామణీ చేయబోయినవాడు బరువు దగ్గరే దొరికిపోతాడు. అవి నగలు, నాణెం మీది ముఖం కంటికి నచ్చి మెడలో వేసుకున్నవి. డేవిడ్‌సన్ చూసిన రంధ్రాల నాణేలదీ అదే దారి. కవీనో బిళ్ళలు మాత్రం నాణెం ఉండవలసిన గుంటలోనే కూర్చోవడానికి చేసినవి గనుక వాటిని అసలు నుంచి వేరు చేయడానికి త్రాసు చాలదు, అంచు చూడాలి, అక్షరం చూడాలి. కృష్ణాతీరం గారికి ఆసక్తి ఉంటే, ఏదైనా పెద్ద మ్యూజియం వెబ్‌సైటులో ఒక నీరో పెద్ద కంచును, ఒక పాడువా బిళ్ళను పెద్దవిగా చేసి పక్కపక్కన పెట్టి చూడమని నా సూచన. మొదట అంచుల గుండ్రదనం, ఆ తరువాత అక్షరాల నిలుపు గమనిస్తే తేడా తెలిసిపోతుంది.